ఆస్ఛి అంటే ఏటి?

జూన్ 15, ఆదివారం

అమ్మా పండూ వెళ్ళిపోయారు. నాలుగు రోజులుండి ఇల్లంతా సర్దిపెట్టి మరీ వెళ్ళింది అమ్మ. వంటగదిలో డబ్బాలన్నిటి మీదా గుండ్రటి అక్షరాలతో చీటీలు అంటించింది. కందిపప్పు. మినప్పప్పు. ఆవాలు. ఒక దాని మీద మాత్రం 'ఇది ఉప్పు. పంచదార కాదు. చూసి వెయ్యండి' అని ఉంది. అది నాన్న కోసం.

నాన్నకి బ్యాంకులో కలకత్తా బదిలీ అయింది. అమ్మది పలాసలో హైస్కూలు టీచరు ఉద్యోగం, దాన్ని ఇక్కడికి మార్చుకోవడం కుదరదు. అందుకని నేను నాన్నతో, తమ్ముడు పండు అమ్మతో. రెండేళ్ళే అన్నారు.

హౌరా స్టేషన్లో పండుగాడు కిటికీలోంచి నాలిక బయటపెట్టి వెక్కిరించాడు. నేనూ వెక్కిరించాను. వాడికి ఏడేళ్ళు, నాకు పద్నాలుగు, అయినా సరే వెక్కిరించాను. అమ్మ అంత జనంలో నా జడ విప్పి మళ్ళీ అల్లింది. బండి కదిలేముందు "వెళ్తాను" అంది. నాన్న "సరే" అన్నారు.

అమ్మ బడిలో చెప్పేది తెలుగు. ఇంట్లో ఎవరైనా గుమ్మం దగ్గర "వెళ్తున్నా" అంటే ఊరుకోదు, వెనక్కి పిలిచి "వెళ్ళొస్తాను" అనిపించి, తను "వెళ్ళిరా" అన్నాకే కదలనిస్తుంది. బడికి ఆలస్యమైపోతున్నా సరే, గేటు దాటిన సైకిలుని వెనక్కి తిప్పించిన రోజులున్నాయి. ఒకసారి పాలవాడి చేత కూడా అనిపించింది. అలాంటి మనిషి "వెళ్తాను" అంది.

బండి కదిలిపోతోంది కదా. తొందరలో అని ఉంటుంది.

జూన్ 16

తొందరలోనే అంది.

జూన్ 21, శనివారం

ఈ పుస్తకం అమ్మ ఇచ్చిందే. "అక్కడి బడిలో తెలుగు ఉండదు, రాయడం మర్చిపోతావు, రోజూ ఒక పేజీ రాయి" అంది. రోజూ నావల్ల కాదు. రాసింది తనకి చూపించను కూడా. తప్పులుంటే ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి పంపుతుంది.

బడిలో వారం అయింది. నా పేరు మౌక్తిక అని అయిదుగురికి చెప్పాను, అయిదు రకాలుగా పలికారు. రోజూ ఇడ్లీ తింటావా అని నలుగురు అడిగారు. నాకసలు ఇడ్లీ అంటేనే పడదు! ఆ మాట హిందీలో చెప్పేలోపల వాళ్ళు వేరే సంగతిలోకి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని తింటున్నాను. మెట్ల మీద గాలి బాగా వస్తుంది.

మా ఇల్లు ఏక్‌బాల్‌పూర్‌లో ఒక సందులో, నాలుగో అంతస్తు. మేడ మీదికెక్కితే రేవులో క్రేన్లు కనిపిస్తాయి. అప్పుడప్పుడు ఓడ కూత వినిపిస్తుంది. పలాసలో రైలు కూత వినిపించేది. అంతే తేడా అని పండుకి ఫోన్లో చెప్పాను. "అయితే ఓడెక్కి వచ్చెయ్" అన్నాడు వెధవ.

జూన్ 29, ఆదివారం

వంటకి మేరీరాణి అత్త కుదిరింది. వాళ్ళ తాత టెక్కలి నుంచి ఇక్కడి రేవులో పనికి వచ్చాడట. ఈమె ఇక్కడే, మెటియాబ్రుజ్‌లో పుట్టింది. తెలుగు ఒక్క అక్షరం చదవలేదు, కానీ నోరు విప్పితే మా నానమ్మే.

"ఏటి గుంటా, అలా కూకుండిపోనావు? తిన్నావా నేదా?"

పిల్లని గుంట అనడం విని ఎన్నాళ్ళయిందో. అమ్మ ఆ మాటలు ఇంట్లో రానిచ్చేది కాదు. ఏటి అంటే "ఏమిటి అనలేవా?" అని సరిదిద్దేది. మేరీరాణి అత్తని ఎవరూ సరిదిద్దలేరు. పప్పులో పంచదార వేసింది! పప్పులో! నాన్న ఒక ముద్ద తిని నా మొహం చూశారు.

"మేరీరాణీ, ఇందులో పంచదార వేశావా?"

"అయ్యో బాబుగారూ, ఎయ్యకపోతే రుసేటుంటాది? ఈ ఊర్లో అందరం ఇలాగే తింతాం."

ఇంకెప్పుడూ వెయ్యొద్దని చెప్పి రెండోసారి పప్పు వడ్డించుకున్నారు నాన్న. ఆయనే రెండు రోజులకి "ఏటి మేరీరాణీ, ఇవాళేటి కూర?" అనడం మొదలుపెట్టారు. అమ్మ వింటే ఏమంటుందో.

జూలై 5, శనివారం

నాకొక స్నేహితురాలు దొరికింది!!

రెండో అంతస్తు. మా ఇంటికి రావలసిన పార్సెల్ వాళ్ళింటికి పోతే ఇవ్వడానికి వచ్చింది. వేరే బడి, నాలాగే తొమ్మిదో తరగతి. పేరు ఝినుక్. నా పేరుకి అర్థమేంటని అడిగితే ముత్యం అన్నాను. గుమ్మంలోనే గెంతింది. ఝినుక్ అంటే బెంగాలీలో ముత్యపు చిప్పట.

"అయితే నువ్వు నా కడుపున పుట్టావన్నమాట!" అంది.

ఇద్దరం సగం హిందీ, సగం ఇంగ్లీషు. అమ్మ పెట్టి వెళ్ళిన జీడిపప్పు డబ్బా ముందుంచితే గుప్పెళ్ళతో తింది. మా ఊళ్ళో సందుకొక జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంటుందంటే నమ్మలేదు. నన్ను 'మౌ' అని పిలుస్తానంది. మౌ అంటే తేనె. నా పేరు ఇంత బాగుంటుందని నాకే తెలీదు.

జూలై 12, శనివారం

వారం నుంచి బెంగాలీ నేర్చుకుంటున్నాను. ఫోన్లో పాఠాలున్నాయి. ఆమి ఖాచ్ఛి, నేను తింటున్నాను. ఆమి ఆస్ఛి, నేను వస్తున్నాను. ఝినుక్‌కి తెలీకుండా నేర్చుకుని ఒకరోజు గడగడా మాట్లాడేద్దామని.

ఇవాళ నాలుగింటికి వచ్చింది. క్యారమ్స్ ఆడుతున్నాం, రెడ్ నా చేతికి అందేలా ఉంది. ఇంతలో కింద నుంచి వాళ్ళమ్మ పిలిచింది. ఝినుక్ చెప్పులేసుకుని, గుమ్మంలో చెయ్యూపి "ఆస్ఛి!" అంది. వస్తున్నా అని. నాకు అర్థమైపోయింది, ఎంత గర్వపడ్డానో!

తలుపు వెయ్యలేదు. బోర్డు కదపలేదు. రెండు గ్లాసుల్లో పాలు కలిపి పెట్టాను. అయిదయింది, ఆరయింది. పిల్లి ఒకటి లోపలికి వచ్చి తిరిగి చూసి వెళ్ళింది. ఏడింటికి నాన్న వచ్చారు.

"తలుపు బార్లా తీసిపెట్టావేంటమ్మా?"

"ఝినుక్ వస్తానంది."

రెండు గ్లాసులూ నేనే తాగాను. రెడ్ కూడా నేనే వేసుకున్నాను.

జూలై 13

మేరీరాణి అత్త నవ్వి నవ్వి నేల మీద కూలబడింది.

"ఓలమ్మో! ఆస్ఛి అంటే ఎల్లొస్తానని గుంటా! గుమ్మం కాడ ఎల్తానని అనరు ఈలు. మనమూ అనం కదేటి, అలాగే."

నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను! గంటల తరబడి తలుపు తీసుకుని కూర్చున్నదాన్ని. ఝినుక్‌కి మాత్రం ఈ సంగతి చెప్పకూడదు.

అంటే ఇక్కడ కూడా ఎవరూ అనరన్నమాట. పలాసలో అనరు, కలకత్తాలో అనరు. ఎంత తొందరలో ఉన్నా అనరు.

అమ్మ అంది.

జూలై 27, ఆదివారం

అమ్మ రోజూ సాయంత్రం ఏడున్నరకి ఫోన్ చేస్తుంది. ఏం తిన్నావు, జడ ఎవరు వేశారు, లెక్కల్లో ఎన్ని వచ్చాయి. నాన్నకివ్వనా అంటే "పాలు పొంగుతున్నాయి, ఉంటాను" అంటుంది. మా ఇంట్లో రోజూ సరిగ్గా ఆ వేళకే పాలు పొంగుతున్నాయి.

ఆగస్టు 10, ఆదివారం

ఇవాళ నాన్న ఇంట్లోనే ఉన్నారు. ఝినుక్ వెళ్తూ వెళ్తూ నాన్నకి కూడా చెప్పింది, "ఆస్ఛి, కాకూ!" అని. కాకూ అంటే బాబాయి.

పేపరు చదువుతున్న నాన్న తలెత్తారు. మొహంలో రంగు లేదు. ఝినుక్ మెట్లు దిగేదాకా ఆగి అడిగారు.

"ఆ పిల్ల ఆస్తి అందేంటి?"

నాకు ముందు అర్థం కాలేదు.

"ఆస్తి సంగతులు బయట పిల్లలకి చెప్తావా? నీకసలు ఎవరు చెప్పారు? అమ్మ చెప్పిందా?"

"ఏ ఆస్తి నాన్నా? ఝినుక్ 'ఆస్ఛి' అంది. వెళ్ళొస్తానని."

నాన్న పేపరు మడిచారు. మళ్ళీ విప్పారు. "ఏం లేదులే. బ్యాంకు గొడవ ఏదో బుర్రలో ఉంది" అని వంటగదిలోకి వెళ్ళి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగారు.

మాకున్నది కాశీబుగ్గలో ఒక డాబా ఇల్లు, పెరట్లో రెండు జీడిమామిడి చెట్లు. దాన్ని మేమెప్పుడూ ఆస్తి అనలేదు. ఇల్లు అనేవాళ్ళం.

ఆగస్టు 11

బ్యాంకు గొడవే. బ్యాంకుల్లో ఆస్తుల పనులు చాలా ఉంటాయి.

సెప్టెంబర్ 7, ఆదివారం

దుర్గాపూజ సెలవులకి అమ్మా పండూ వస్తారు. నా గది అమ్మకిచ్చి నేనూ పండూ హాల్లో పడుకుంటాం. పండుకి ట్రామ్ చూపించాలి, వాడు నమ్మడు రోడ్డు మీద రైలు నడుస్తుందంటే.

అమ్మ వస్తానని అనలేదు. "చూద్దాం" అంది. చూద్దాం అంటే మా ఇంట్లో వస్తాననే.

సెప్టెంబర్ 23, మంగళవారం

రాత్రంతా వాన. సందులో మోకాలి లోతు నీళ్ళు. బడి లేదు, నాన్న బ్యాంకుకి వెళ్ళలేదు, మేరీరాణి అత్త రాలేకపోయింది. నాన్న ఉప్మా చేశారు. వాన చెమ్మకి ఉప్పు డబ్బా మీద అమ్మ అంటించిన చీటీ ఊడిపోయింది. నాన్న ఉప్పనుకుని పంచదార వేశారు.

ఇద్దరం కూర్చుని మొత్తం తిన్నాం.

సెప్టెంబర్ 26

అమ్మ రావడం లేదు. పండుకి జ్వరమట.

సెప్టెంబర్ 27

పండు ఫోన్లో రెండు పాటలు పాడాడు. జ్వరం వచ్చినవాడిలా లేడు.

సెప్టెంబర్ 30, మంగళవారం. అష్టమి

ఇవాళ నేను చేసిన పనికి నన్ను నేనే మొట్టుకోవాలి.

అష్టమి రోజు సాయంత్రం దుర్గమ్మ పండాల్స్ చూడ్డానికి తీసుకెళ్తానని ఝినుక్ నెల కిందటే చెప్పింది. నేను నాలుగింటికే తయారైపోయాను. అమ్మ నేత చీర ఒకటి ఇక్కడ వదిలేసి వెళ్ళింది, అది మేరీరాణి అత్త చేత కట్టించుకున్నాను. కాటుక కూడా పెట్టింది. "దుర్గమ్మలాగున్నావు గుంటా" అంది. నాకు సిగ్గేసింది, కానీ అద్దంలో మూడుసార్లు చూసుకున్నాను.

అయిదింటికి కింద ఆడపిల్లల నవ్వులు వినిపించాయి. ముగ్గురో నలుగురో ఉన్నారు. ఝినుక్ బడి పిల్లలు. మెట్ల దగ్గర నుంచి ఝినుక్ అరిచింది.

"మౌ! ఆస్ఛి!"

వాళ్ళతో వెళ్ళిపోతోంది. పైకి కూడా రాకుండా, కింద నుంచే వెళ్ళొస్తానని చెప్పేస్తోంది! ఈసారి నాకు బెంగాలీ వచ్చు, ఈసారి తలుపు తీసుకుని కూర్చోను అనుకున్నాను. రోషం ముంచుకొచ్చింది. కాటుక కొంగుతో తుడిచేశాను. చెంపంతా నల్లగా అయింది. "నాన్నా, మనం బయటికి వెళ్దాం, ఇప్పుడే" అన్నాను. నాన్న ఎందుకని అడగలేదు. లిఫ్టులో దిగిపోయాం.

జనంలో తిరిగాం. ఎక్కడ చూసినా దీపాలు, డప్పులు, కొత్త బట్టలు. నేను అమ్మవారి మొహం ఒక్కటి కూడా సరిగ్గా చూడలేదు. నాన్న ఎగ్ రోల్ కొనిచ్చారు, సగం తిని ఆయనకే ఇచ్చేశాను.

ఎనిమిదింటికి ఇంటికి వస్తే గుమ్మం ముందు ఆకు దొన్నెలో ప్రసాదం ఖిచుడి, పైన మూత, మూత మీద కాగితం. 'మూడుసార్లు వచ్చాను. అందరం వెయిట్ చేశాం. ఎక్కడికి పోయావ్?'

వస్తున్నా అని అందది. నిజంగానే వస్తున్నా అని! మేం లిఫ్టులో దిగుతుంటే వాళ్ళు మెట్లెక్కుతున్నారు.

వస్తానని కాదు అనుకుంటే వస్తాననే. వస్తాననే అనుకుంటే కాదు. నాకు ఈ ఊరు రాదు. ఏ భాషా రాదు.

అక్టోబర్ 5, ఆదివారం

ఝినుక్‌కి మొత్తం చెప్పాను, జూలై సంగతితో సహా. నవ్వుతుందనుకున్నాను. "ఇట్స్ ఓకే, మౌక్తికా" అంది.

మౌ అనలేదు.

అక్టోబర్ 12, ఆదివారం

మధ్యాహ్నం కొరియర్ వచ్చింది. కవరు మీద అమ్మ చేతిరాత. నాన్న బజారుకి వెళ్ళారు. నాకే అనుకున్నాను. పుట్టినరోజు దగ్గర పడుతోంది కదా. నాన్న పేరు చూడలేదు. చూశాను. చూసి కూడా చింపాను.

లోపల స్టాంపు కాగితాలు. తెలుగులోనే ఉన్నాయి. 'ఉభయులూ ఇష్టపూర్వకముగా విడిపోవుటకు' అని మొదలు. టైపు చేసినవాడు 'పూర్వకముగా' తప్పు కొడితే అమ్మ పెన్నుతో దిద్దింది. అది చూసి నవ్వొచ్చింది ముందు. నిజంగా నవ్వాను, ఒక్కదాన్నే, హాల్లో.

రెండో పేజీలో ఆస్తి వివరము. కాశీబుగ్గ డాబా ఇల్లు, పెరడుతో సహా, భార్య హైమకి. దాని కింద పంక్తిలో కుమారుడు భార్య వద్ద. దాని కింద కుమార్తె మౌక్తిక భర్త భానుమూర్తి వద్ద. పేజీ ఒకటే. వరస అంకెలు కూడా కలిసే ఉన్నాయి: ఒకటి ఇల్లు, రెండు పండు, మూడు నేను.

నాన్న సంచితో లోపలికి వచ్చి నా చేతిలో కాగితాలు చూశారు. కూరల సంచి కింద పెట్టకుండా అలాగే నిలబడ్డారు.

"చెబుదామనే అనుకున్నామమ్మా. పూజా సెలవుల తర్వాత అని..."

"బదిలీ కూడా అబద్ధమేనా?"

"కాదు. నేనే అడిగి వేయించుకున్నాను."

"నన్ను పంచుకున్నారు."

"అలా అనకు."

"మరి ఎలా అనాలి? పండుని అమ్మ తీసుకుంది. నేను మిగిలాను, మీ వాటాకి వచ్చాను."

అప్పుడు సంచి కింద పెట్టారు. "మిగల్లేదు. నువ్వు నాతో ఉండాలని నేనే అడిగాను. ఇంకేమీ అడగలేదు" అన్నారు. నేను నమ్మలేదు. తలుపేసుకున్నాను.

అక్టోబర్ 13

ఏమీ లేదు.

అక్టోబర్ 19

నాన్న కొత్త చీటీ రాసి ఉప్పు డబ్బాకి అంటించారు. వంకర టింకర అక్షరాలు. 'ఉప్పు' కి ఒక 'ప' వత్తు తక్కువ. ఉపు.

దిద్దలేదు నేను.

నవంబర్ 9, ఆదివారం

ఇరవై ఎనిమిది రోజులు అమ్మతో ముక్తసరిగా మాట్లాడాను. ఆ, ఊ, తిన్నాను, ఉంటాను. ఇవాళ అడిగేశాను.

"అమ్మా, ఆ రోజు హౌరాలో 'వెళ్తాను' అన్నావు. తొందరలో అన్నావా?"

ఇవాళ పాలు పొంగలేదు.

"లేదు. ఆలోచించే అన్నాను."

"ఎందుకు?"

"వస్తానని చెబితే నువ్వు నమ్ముతావు. నమ్మి తలుపు తీసుకుని కూర్చుంటావు. నీ సంగతి నాకు తెలీదా? నీ దగ్గర తప్పుమాట అనకూడదనుకున్నాను."

తలుపు తీసుకుని కూర్చున్న సంగతి అమ్మకి నేనెప్పుడూ చెప్పలేదు.

"తప్పుమాటైనా అనాల్సింది" అని ఫోన్ పెట్టేశాను. నీళ్ళ కుళాయి తిప్పుకుని ఏడ్చాను. అమ్మ మీద కోపం. పాలవాడి చేత కూడా వస్తానని అనిపించిన మనిషి నాకు మాత్రం నిజం చెప్పింది. దానికి కోపం తెచ్చుకోవాలో ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. కానీ ఉంది కోపం.

నవంబర్ 10

తొందరలో అనలేదు.

డిసెంబర్ 7, ఆదివారం

అమ్మ అడిగింది. క్రిస్మస్ సెలవులకి పలాస వచ్చి, ఇంక అక్కడే ఉండిపొమ్మంది. కాగితాలు మార్పించవచ్చట. "నీ ఇష్టం మౌక్తికా. నిన్ను అడక్కుండా చేశాం. అది మా తప్పు" అంది. అమ్మ తన తప్పు తను దిద్దుకోవడం మొదటిసారి విన్నాను.

నాన్నకి చెప్పాను. "నీ ఇష్టం" అన్నారు ఆయన కూడా. ఇద్దరూ ఎంత బాగా కలిసి మాట్లాడుతున్నారో ఇప్పుడు!

నాన్న బ్యాంకులో పనిచేసే తిరుపతిరావు గారూ వాళ్ళావిడా ఇరవై నాలుగున విశాఖపట్నం వెళ్తున్నారు. నన్ను దారిలో పలాసలో దింపుతారు. జనవరి నాలుగున తిరిగి వస్తారు. నాన్న నాకు వెళ్ళేందుకు టికెట్ తీశారు. తరవాత అద్దాలు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా అడిగారు.

"తిరుగు టికెట్ కూడా తియ్యనా మరి, వాళ్ళతో పాటు?"

పాలు పొంగుతున్నాయని వంటగదిలోకి వెళ్ళిపోయాను.

డిసెంబర్ 14, ఆదివారం

పలాసలో ఉంటే: అమ్మ, పండు, నా సైకిలు, తెలుగు, జడ వేసే చేతులు, నా పాత బడిలో నా పాత బెంచీ.

ఇక్కడ ఉంటే: మెట్ల మీద గాలి.

ఇంత తేలికైన లెక్క ఎందుకు తెగడం లేదు నాకు?

మేరీరాణి అత్తని అడిగాను, నేను వెళ్ళిపోతే నాన్నకి ఏం వండుతావు అని. "ఆరికేటి, ఏటెట్టినా తింతారు. ఉప్పెక్కువైనా తింతారు, తక్కువైనా తింతారు. మొన్న నువ్వు బడికెల్నాక ఒట్టి అన్నం తినీసి లెగిసిపోనారు. కూర మూత తీయనేదు" అంది.

నా ముందు మాత్రం రెండుసార్లు వడ్డించుకుంటారు నాన్న.

డిసెంబర్ 20, శనివారం

ఝినుక్ వచ్చింది, రెండున్నర నెలల తర్వాత. వాళ్ళమ్మ చెప్పిందట నేను వెళ్ళిపోతున్నానని. గుమ్మంలోనే నిలబడి కాలి వేలితో నేల గీస్తూ, "పూరా చలీ జాయేగీ క్యా?" అని అడిగింది. పూర్తిగా వెళ్ళిపోతావా అని.

"తెలీదు" అన్నాను.

"రెడ్ బాకీ ఉంది" అంది. "నువ్వు దొంగతనంగా వేసేసుకున్నావు కదా జూలైలో."

ఆడాం. తనే గెలిచింది. వెళ్తూ "ఆస్ఛి, మౌ" అంది. తలుపు వేశాను. మళ్ళీ తీశాను. తను రెండు మెట్లు దిగి ఆగి, నేను తలుపు తీస్తానా లేదా అని చూస్తోంది. ఇద్దరం పగలబడి నవ్వాం.

డిసెంబర్ 23

నాన్న మళ్ళీ అడగలేదు. నేను చెప్పలేదు. పెట్టెలో సగం బట్టలే పెట్టాను. మిగతావి అల్మారాలోనే ఉన్నాయి. పెట్టెలో చోటు లేక.

చోటు ఉంది.

డిసెంబర్ 24, బుధవారం. రైల్లో

చెయ్యి ఊగుతోంది, అక్షరాలు ఎలా వస్తే అలా.

హౌరాలో నాన్న నాకు నీళ్ళసీసా కొన్నారు, బిస్కెట్లు కొన్నారు, అరటిపళ్ళు కొన్నారు. మళ్ళీ ఇంకో నీళ్ళసీసా కొన్నారు. తిరుపతిరావు గారికి నా గురించి నాలుగుసార్లు అప్పగింతలు పెట్టారు. అన్నీ మాట్లాడారు, ఆ ఒక్కటి తప్ప. నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. పండు నాలిక బయటపెట్టిన కిటికీ ఇలాంటిదే. నాన్న అప్పుడు నిలబడినట్టే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

కూత వేసింది. ఏదో ఒకటి అనాలి.

వెళ్ళొస్తాను అందామంటే, ఆ మాట చిన్నప్పటి నుంచి వేలసార్లు అమ్మ బలవంతం మీద అన్నదే, దాని మీద నాకు నమ్మకం పోయింది. వెళ్తాను అంటే నాన్న మళ్ళీ "సరే" అంటారు. ఆ సరే నేను ఇంకోసారి వినలేను. ఆ మనిషి నన్ను అడిగి తీసుకున్నారు. ఇల్లు అడగలేదు, చెట్లు అడగలేదు, నన్ను అడిగారు. నాకది అక్టోబర్‌లో నమ్మబుద్ధి కాలేదు. కూర మూత తియ్యలేదని మేరీరాణి అత్త చెప్పాక నమ్మాను.

"ఆస్ఛి, నాన్నా!" అన్నాను.

నాన్న మొహం వాడిపోయింది. "ఆస్తా? ఇప్పుడు ఆస్తి సంగతేంటమ్మా?"

"ఆస్తి కాదు! ఆస్ఛి! ఛి! ఛి!" అని అరిచాను. నేను కన్నతండ్రిని ఛీకొడుతున్నాననుకుని తిరుపతిరావు గారి భార్య గుండె మీద చెయ్యేసుకుంది.

బండి కదిలింది. నాన్న కిటికీ పక్కనే నడుస్తున్నారు. "ఆస్ఛి అంటే ఏటే? ఏటి?" నాతో ఆయన ఎప్పుడూ ఏటి అనలేదు. మేరీరాణి అత్తతోనే అంటారు.

"మేరీరాణి అత్తని అడగండి!"

ఇంకేదో అన్నారు, వినబడలేదు. ప్లాట్‌ఫాం అయిపోయేదాకా నడిచారు.

తర్వాత నాకు భయం పట్టుకుంది. మేరీరాణి అత్త ఇవాళ పండగ పనుల్లో ఉంటుంది, రాదేమో. వచ్చినా ఆయన అడగరేమో. అడిగితే, "ఊరికే గుమ్మం కాడ అంతారు బాబుగారూ, అందరూ అంతారు" అని చెబుతుందేమో. ఊరికే అనే మాటే అది. ఝినుక్ అంటే ఒకసారి రాలేదు, ఒకసారి వచ్చింది. నేను ఊరికే అనలేదని ఆయనకి ఎవరు చెబుతారు? నోరు తెరిచి తెలుగులో చెప్పి ఉంటే సరిపోయేది కదా! నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఖరగ్‌పూర్ దాటింది. అరటిపండు తిన్నాను. బాలాసోర్ దాటింది. ఫోన్ మోగింది.

నాన్న. టికెట్ పంపారు. జనవరి నాలుగు, పలాస నుంచి హౌరా, మౌక్తిక, వయసు పదిహేను. వెయిటింగ్ లిస్టు నలభై మూడు. తిరుపతిరావు గారు చూసి, "ఫర్వాలేదమ్మా, ఇవన్నీ కన్‌ఫర్మ్ అయిపోతాయి" అన్నారు. కాకపోతే పండుగాడు చెప్పినట్టు ఓడెక్కి వస్తాను.

టికెట్ కింద ఒక ముక్క ఉంది, తెలుగులో. నాన్న ఫోన్లో తెలుగు కొట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఎంతసేపు పట్టిందో ఆయనకి.

'మేరీరానిని అడిగాను. వెల్లిరా.'

ణ తప్పు. ళ్ళ తప్పు. అమ్మకి చూపించను.